బోడిచేతుల బొమ్మ

గౌరి ఫోన్ చేసేసరికి ఉచ్చీరప్ప నోట్లో వక్కపొడి ఉంది.

"నాయనా, నేను గీసిన బొమ్మ ఆదోనిలో పెడతాండారు. ఆదివారం నువ్వూ అమ్మా రావల్ల," అంది కూతురు.

కన్నకూతురి బొమ్మ నలుగురి ముందు పెడుతున్నారంటే ఏ తండ్రికైనా ఛాతీ పొంగాలి. ఉచ్చీరప్పకు మాత్రం భయం పట్టుకుంది. వక్కపొడి మింగలేక, ఉమ్మలేక అడిగాడు.

"ఏం బొమ్మ మా?"

"మన మగ్గం బొమ్మ."

"మగ్గం మీద ఎవురుండారు?"

"వచ్చి సూడు నాయనా. షావుకారు మామకు కూడా వాట్సాప్‌లో కార్డు పెట్టినా," అని పిల్ల ఫోన్ పెట్టేసింది.

మగ్గం మీద ఎవరున్నారు అనేది ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో, నేతగేరిలో, ఎవరూ అడగని ప్రశ్న. మగ్గం గుంత మగవాడిది. ఆడవాళ్ళు రాట్నం మీద నూలు కండెలు చుడతారు, గంజి పెడతారు, పడుగు సాగదీస్తారు, తెగిన పోగులు అతుకుతారు, మధ్యలో వంట చేస్తారు, పిల్లల్ని సాకుతారు. గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని పోగుల మధ్య నాడె విసిరి బట్ట నేసేది మాత్రం మగవాడే. చీర పూర్తయ్యాక "ఫలానా ఆయన నేసిన చీర" అంటారు. చేసిన పనిలో ముప్పాతిక వంతు ఎవరిదని లెక్క తీసే ఓపిక ఆ వీధిలో ఎవరికీ లేదు. కొడుకు మగ్గమెక్కాక ముసలితండ్రి రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టుకుంటే తప్పు లేదు, దాన్ని విశ్రాంతి అంటారు. పెళ్ళాం మగ్గం మీద కూర్చుని మొగుడు రాట్నం తిప్పితే దానికి ఆ వీధిలో పేరే లేదు. వెక్కిరింత మాత్రం సిద్ధంగా ఉంటుంది.

ఉచ్చీరప్ప ఇంట్లో ఐదారేళ్ళుగా జరుగుతున్నది సరిగ్గా అదే.

మొదట కుడిచేతి వేళ్ళు వణికాయి. చలికేమో అనుకున్నాడు. ఎండాకాలం వచ్చినా వణుకు పోలేదు. నాడె ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా పడటం మొదలుపెట్టి చీర అంచు పాము పోయినట్టు వంకర్లు పోయింది. కర్నూలు డాక్టరు నరాల బలహీనత అని మాత్రలు రాసిచ్చాడు. మాత్రలకు నిద్ర వచ్చేది, వణుకు అట్లాగే ఉండేది. వంకర అంచు చీరను షావుకారుకు ఎట్లా చూపించాలో తెలియక ఉచ్చీరప్ప ఒక పొద్దంతా గుంతలో కాళ్ళు పెట్టుకుని నాడె ముట్టకుండా కూర్చున్నాడు. యశోద వంట ముగించుకుని వచ్చి, "లెయ్యి," అంది. ఆయన లేచాడు. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంది. పుట్టింట్లో అన్నలు మగ్గం వదిలి తిండికి పోయినప్పుడల్లా దొంగతనంగా నేసిన చెయ్యి అది. సాయంత్రానికి అంచు గీత గీసినట్టు వచ్చింది.

ఉచ్చీరప్ప లేచి వాకిలి గడి పెట్టాడు. ఆ గడి ఆనాటి నుంచి పగటిపూట ఎవరైనా తడితే తప్ప తీసింది లేదు.

వాకిలి ఎవరైనా తట్టినప్పుడు ఆ ఇంట్లో జరిగే తతంగం చూసి తీరాల్సిందే. యశోద ఒక పక్క నుంచి పైకి లేచేది, ఉచ్చీరప్ప ఇంకో పక్క నుంచి గుంతలోకి దిగేవాడు. ఆమె చాట అందుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు నిలబడేది. ఆయన నాడె పట్టుకుని, పొద్దున్నుంచీ నేసి నడుం పట్టేసినవాడిలా మూలిగేవాడు. అప్పుడు గడి తీసేవాళ్ళు. నూలిచ్చి చీరలు నేయించుకునే శివకుమార్ షావుకారు వచ్చి చూసి, "ఏం ఉచ్చీరప్పా, వయసయ్యే కొద్దీ నీ చెయ్యి తిరుగుతాండాదప్పా!" అనేవాడు. "అంతా నీ దయన్నా," అనేవాడు ఉచ్చీరప్ప, కుడిచేతిని తొడ కింద అదిమి పెట్టుకుని.

ఇన్ని జాగ్రత్తలు పడినా ఒక సంగతి ఆయనకు తట్టలేదు. ఎదురింట్లో ఉండే ఆయన అక్క లక్ష్మక్కకు తట్టింది. ఆమె చెవులకు అరుగు మీద కూర్చుని వీధి మొత్తాన్ని వినే శక్తి ఉంది. ఒకరోజు నలుగురి ముందే అడిగేసింది.

"రేయ్ ఉచ్చీరా! ఈ మధ్య నీ మగ్గం ఆడితే గాజుల సప్పుడు వస్తాదే. గాజులు తొడుక్కోని నేస్తాండావా ఏంది?"

అరుగు మీద ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ఉచ్చీరప్ప కూడా నవ్వాడు, తల కొట్టేసినట్టయినా నవ్వాడు. ఇంట్లోకి పోయి గడి పెట్టి, "గాజులు తీసి పక్కన పెట్టి నెయ్యి," అన్నాడు యశోదతో.

యశోద నాడె ఆపింది. మా వైపు ముత్తైదువ ఆడది కొత్త గాజులు మార్చుకునేటప్పుడు కూడా చేతికి పాతదొకటి ఉంచుకుని మిగతావి తీస్తుంది. రెండు చేతులూ బోడిగా పెట్టుకోవడమంటే మొగుడు పోయాక జరిగే పని. అది ఉచ్చీరప్పకు తెలియనిది కాదు.

"ఒక్కొక్కటన్నా ఉంచుకుంటా," అంది యశోద.

"ఒక్కటైనా చెక్కకు తగిలితే మోగుతాది. మా అక్క చెవులు నీకు తెలీవా?"

ఆమె మొగుడి ముఖంలోకి చూసింది. ఏమైనా అంటుందేమోనని ఉచ్చీరప్ప భయపడ్డాడు. ఆమె ఒక్కో గాజూ తీసి మగ్గం కొయ్యకున్న మేకుకు తగిలించింది. పొద్దున తీస్తుంది, సాయంత్రం వేసుకుంటుంది, మధ్యలో కొంపలేం మునుగుతాయి అని ఆయన తనకు తాను చెప్పుకున్నాడు. ఆ ఏడు నీలకంఠేశ్వరుడి జాతరలో యశోద తన సైజు కంటే పెద్ద గాజులు కొనుక్కుంది. "జారిపోతాయి కదక్కా," అని గాజులమ్మాయి చెబుతున్నా వినలేదు. రోజూ తీసి వేసుకోవాలంటే చేతికి పట్టే గాజులు పనికిరావు. నేసేటప్పుడు ఎవరైనా వస్తే చాట నడుముకు ఆనించి చేతులు కొంగు కింద దాచుకోవడం కూడా ఆమెకు అలవాటయిపోయింది. ఇంకో అలవాటు కూడా ఆమెకు పట్టుకుంది. ఉచ్చీరప్ప మధ్యాహ్నం రాట్నం పక్కనే కునుకు తీస్తే మగ్గం ఆపి మరీ వచ్చి తట్టి లేపేది. "పండుకోనియ్యవేమే!" అని ఆయన విసుక్కునేవాడు. తాను నేస్తుంటే మొగుడు నిద్రపోవడం చూడలేకపోతోందని అనుకున్నాడు.

ఇదంతా ఒక ఎత్తు, శాలువా ఒక ఎత్తు. రెండేళ్ళ కిందట నేతపనివాళ్ళ సభలో మామిడి పిందెల చీర ఒకటి చూసి అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. నేసిన చెయ్యి ఉచ్చీరప్పదని షావుకారు చెప్పాడు. స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పి ఫోటో తీశారు. వీధి కుర్రాళ్ళు ఊరుకుంటారా? మలుపులో ఫ్లెక్సీ కట్టారు. అందులో ఉచ్చీరప్ప మీసం రెండింతలైంది, జబ్బలు పహిల్వాను జబ్బలయ్యాయి, వెనక సింహం నోరు తెరుచుకుని నిలబడింది. ఈ కాలంలో వెనక సింహం లేకుండా మగవాడికి ఫ్లెక్సీ కట్టడం మా వైపు కుర్రాళ్ళకు చేతకాదు. ఉచ్చీరప్ప ఆ ఫ్లెక్సీ కింద నుంచి పోయేటప్పుడు కుడిచేతిని పంచె మడతలో దాచుకునేవాడు. శాలువా ఫోటోను ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. యశోద రోజూ దాని మీద దుమ్ము తుడిచింది, ఒక్క మాట కూడా అనకుండా.

మాట అన్నది గౌరి. ఒక్కతే కూతురు, కడపలో బొమ్మల చదువు చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు ఆ ఫోటో ముందు నిలబడి, "ఇది ఎవురి శాలువా నాయనా?" అని అడిగింది. ఉచ్చీరప్ప వినబడనట్టు బయటికి పోయాడు.

పోయిన వేసవిలో ఆ పిల్లే, "నాయనా, నిన్ను గీస్తా, కూసో," అంది. ఉచ్చీరప్ప మంగలి దగ్గరికి పోయి మీసానికి రంగు వేయించుకుని, కొత్త బనియను తొడుక్కుని, గుంతలో కాళ్ళు పెట్టి, నాడె చేతపట్టి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. గౌరి గబగబా నాలుగు గీతలు గీసి పుస్తకం మూసేసింది. అంత త్వరగా ఎట్లా అయిపోయిందని ఆయనకు అప్పుడే అనుమానం రావాల్సింది. ఆ తర్వాత రోజుల్లో పిల్ల గాదె పక్కన ఒక మూల కూర్చుని ఏదో గీసుకుంటూనే ఉంది. కుండనో, చాటనో గీసుకుంటోంది లెమ్మనుకున్నాడు. గడి పెట్టిన ఇంట్లో, కూతురి ఎదుట, తాను రాట్నం తిప్పుతూ ఆ వేసవంతా గడిపాడన్న సంగతి ఇప్పుడు, ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది.

ఆ వారమంతా ఉచ్చీరప్పకు కాలు నిలవలేదు. అన్నం ముందు కూర్చుంటే బొమ్మ, రాట్నం తిప్పితే బొమ్మ. మీసానికి రంగేసుకుని కూర్చున్న బొమ్మ అయితే పరవాలేదు. గాదె పక్కన కూర్చుని గీసిన రెండో బొమ్మ అయితే షావుకారు చూస్తాడు, వీధి చూస్తుంది, ఫోన్లలో ఫోటోలు తీసి అందరికీ పంపుతారు. శాలువా కప్పిన చేతులతోనే ముఖాన ఉమ్మేస్తారు. ఇరవై ఏళ్ళ వయసు నుంచి "ఉచ్చీరప్ప చెయ్యి" అని పేరు మోసినవాడికి ఆ పేరు తప్ప ఇంకో ఆస్తి లేదు.

"అది ఏం గీసిందో నీకు తెలుసా?" అని యశోదను అడిగాడు.

"నాకేం తెలుసు."

"నిన్ను గుంతలో కూసోబెట్టి గీసిందంటే ఏం గతి?"

యశోద మగ్గం ఆపకుండానే అంది. "నేను కూసోనుండేది గుంతలోనే కదయ్యా."

ఆ జవాబు విన్నాక ఆయన తొలి బస్సు ఎప్పుడో కనుక్కోవడానికి పోయాడు.

ఆదివారం అందరికంటే ముందు చేరుకుని బొమ్మ చూడాలని, తేడాగా ఉంటే కూతురి కాళ్ళావేళ్ళా పడైనా తీయించెయ్యాలని పథకం వేసుకుని, తొలి బస్సుకే యశోదను బయల్దేరదీశాడు. పత్తి తీతల కాలం. దారంతా లారీలు ఆదోని మార్కెట్టుకు పత్తి మోసుకుపోతున్నాయి. రోడ్డు పక్క కంపచెట్లకు దూది పట్టుకుని తెల్లగా ఉంది. బస్సులో యశోద చేతుల నిండా గాజులు వేసుకుని, పూలు పెట్టుకుని, కూతుర్ని చూడబోతున్న సంబరంతో కిటికీలోంచి చూస్తోంది. ఉచ్చీరప్పకు ఆదోని కొండ కనబడగానే వెనక్కి తిరిగి పోదామా అనిపించింది.

ఫంక్షన్ హాలు ముందు బట్ట కట్టారు. దాని మీద "ఈ కాలపు మగవాడు" అని రాసి ఉంది. లోపల గోడల నిండా బొమ్మలు. ఒకదాంట్లో కుర్రాడొకడు అద్దం ముందు నిలబడి కండలు చూసుకుంటున్నాడు, అద్దంలో మాత్రం చిన్నపిల్లాడు కనబడుతున్నాడు. ఇంకోదాంట్లో రంగుల కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్ద ఫ్లెక్సీ ఉంది, దాని వెనక అదే మనిషి ఒంటరిగా కర్రలు పట్టుకుని ఫ్లెక్సీ పడిపోకుండా మోస్తున్నాడు. ఒక తండ్రి కూతురికి జడ వేస్తున్నాడు, పళ్ళ మధ్య రిబ్బను పట్టుకుని. వేరే సమయమైతే ఉచ్చీరప్ప నవ్వేవాడే. ఇప్పుడు ఒక్కో బొమ్మ దాటుతుంటే పరీక్ష ఫలితాల గోడ ముందు నిలబడ్డట్టుంది.

చివరి గోడకు ఉంది గౌరి బొమ్మ. మనిషెత్తు ఉంది.

చూడగానే ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. అది రెండో బొమ్మే. ఇంటి పైకప్పు గవాక్షిలోంచి వెలుగు నిలువుగా మగ్గం మీద పడుతోంది. గుంతలో ఆడమనిషి కూర్చుని ఉంది. ముఖం మగ్గం అడ్డకర్ర నీడలో పడి కనబడదు. ఆ వెలుగులో కనబడేవి రెండు చేతులే, మోచేతుల నుంచి వేళ్ళ దాకా. ఒక్క గాజు కూడా లేదు. కింద మూలగా రాట్నం ముందు ఒక మగమనిషి వీపు, వంగిన మెడ, బనియను. అతని ముఖమూ కనబడదు.

గౌరి పరుగెత్తుకుంటూ వచ్చి తల్లిని కావిలించుకుంది. ఉచ్చీరప్ప పిల్ల చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"తీసెయ్ మా. నీకు పుణ్యముంటాది. షావుకారు వచ్చే లోపల తీసెయ్."

"నీ ముఖం యాడన్నా కనపడతాందా నాయనా?"

"కనపడదు. కానీ..."

"అమ్మ ముఖం?"

"కనపడదు."

"నీ కోసమే రెండు ముఖాలూ దాచినా. పేర్లు కూడా రాయల్యా. చేతులు దాచేకి మాత్రం నాకు మనసు రాల్యా."

ఉచ్చీరప్ప మళ్ళీ బొమ్మ వైపు చూశాడు. "మగవాళ్ళ గురించని బయట రాసినారు కదా. మీ అమ్మ చేతులు ఏంటికి గీసినావు?"

"ఇది నీ బొమ్మే నాయనా," అంది గౌరి. ఆ మాట ఆయనకు ఎక్కలేదు. ఆయనకు కావలసింది వేరే.

"ఎవురన్నా అడిగితే ఏం సెప్తావు?"

"నేనేమీ సెప్పను. సెప్పేదీ సెప్పకపోయేదీ నీ ఇష్టం."

అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు ఉచ్చీరప్ప. పిల్ల తెలివైనది, తండ్రి పరువు తీసేది కాదు. నేతగేరిలో ఇళ్ళన్నీ ఒకే తీరుగా ఉంటాయి, వీపు చూసి ఎవరు పోల్చుకోగలరు? కుర్చీలో కూర్చుని గౌరి ఇచ్చిన టీ తాగాడు. వారం రోజుల్లో నాలుకకు రుచి తెలిసింది ఆ టీతోనే. యశోద మాత్రం బొమ్మ ముందు నుంచి కదల్లేదు. తన చేతులు ఎట్లా ఉంటాయో ఆమె ఎప్పుడూ దూరం నుంచి చూసుకుని ఉండదు.

కాసేపటికి శివకుమార్ షావుకారు వచ్చాడు, వెంట నేతగేరి మగవాళ్ళు ఇద్దరు. పలకరింపులయ్యాయి. షావుకారు గౌరి తల నిమిరి, బొమ్మ ముందు నిలబడి కళ్ళద్దాలు సవరించుకున్నాడు. ఉచ్చీరప్ప కుర్చీలోంచి లేచి యశోద పక్కకు వచ్చి నిలబడ్డాడు. కుడిచెయ్యి దానంతటదే పంచె మడతలోకి పోయింది.

"గవాక్షి సూస్తే ఇది మన గేరిలోని ఇల్లే," అన్నాడు షావుకారు. ఇంకాస్త దగ్గరికి వంగాడు. "ఓహో! ఈరమ్మ కదూ? రాట్నం కాడుండేది ఆమె మామ."

ఈరమ్మ నేతగేరి చివర ఉంటుంది. పెళ్ళయిన కొన్నేళ్ళకే మొగుడు పోయాడు. పిల్లల్ని బతికించుకోవాలి కాబట్టి ఆమె మగ్గమెక్కింది, ముసలిమామ కండెలు చుట్టి పెడతాడు. ఆమెను వీధిలో ఎవరూ వెక్కిరించరు. మొగుడు లేని ఆడది నేస్తే జాలి, ఉన్న ఆడది నేస్తే మొగుడికి సిగ్గు. అదీ ఆ వీధి న్యాయం.

"ఆమేలే అన్నా," అన్నాడు వెంట వచ్చినవాళ్ళలో ఒకడు. "చేతులు సూడు, ఒక్క గాజు లేదు. మొగుడు లేని కొంప అని సూస్తానే తెలుస్తాది. పాపం."

"బలే గీసినావు తల్లీ. సూస్తాంటే కడుపులో దేవినట్టయితాది," అన్నాడు షావుకారు. "ఈరమ్మేనా మా?"

గౌరి షావుకారు వైపు చూడలేదు. తండ్రి వైపు చూసింది.

వారం పాటు ఏ దేవుడికి మొక్కుకోవాలో తెలియక ఉచ్చీరప్ప కోరుకున్నది అడక్కుండానే వచ్చి ఒళ్ళో పడింది. తల ఊపితే చాలు. "అవునన్నా" అన్న ఒక్క మాటతో శాలువా భద్రం, పేరు భద్రం, బస్సెక్కి ఇంటికి పోయి గడి పెట్టుకోవచ్చు. నోరు తెరిచాడు.

పక్కన యశోద రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. గాజులు వేసుకున్న చేతుల్ని, గాజులు ఉన్నాయన్న సంగతే మరిచిపోయి దాచుకుంది. మొగుడి నోరు పెగలడం లేదని చూసి తనే అంది.

"అవునన్నా. ఈరమ్మే."

యశోద ఆయన కోసం ఆడిన అబద్ధాలు ఒకటా రెండా! వాకిలి తట్టిన ప్రతిసారీ చాట పట్టుకుని ఆడింది. కానీ ఈ అబద్ధం వేరు. ఆ బోడిచేతులు మొగుడు పోయిన దానివేనని, కట్టుకున్న మొగుడు పక్కన నిలబడి ఉండగా, తన నోటితో తనే ఒప్పుకుంది. ఉచ్చీరప్ప బొమ్మ వైపు చూశాడు. అందులో మగ్గం ఉంది, రాట్నం ఉంది, ఆడమనిషి ఉంది, ఒక ముసలివీపు ఉంది. ఎంత వెతికినా మొగుడు లేడు. చూసినవాళ్ళు చెప్పింది నిజమే. ఆయన్ని చంపింది వాళ్ళు కాదు. గాజులు తీయమన్న రోజున తన చావు తానే చెప్పుకున్నాడు.

"కాదన్నా," అన్నాడు.

షావుకారు తిరిగి చూశాడు.

"ఈరమ్మ కాదు. ఆ చేతులు యశోదవి."

"యశోదవా? అదేం మాటప్పా, మరి గాజులు..."

"నేనే తీపిచ్చినా. సప్పుడయితే గేరికి తెలుస్తాదని. ఆ రాట్నం కాడ కూసోనుండేది నేను. ఆమె మొగుడు సావలేదన్నా. ఈడనే ఉండాడు."

షావుకారు ఒకసారి బొమ్మను, ఒకసారి యశోదను, ఒకసారి ఉచ్చీరప్పను చూశాడు. "మరి ఆ మామిడి పిందెల చీర?" అని అడిగాడు మెల్లగా.

"ఆమె నేసిందే. ఈ ఐదారేండ్లుగా నీ ఇంటికొచ్చిన చీరలన్నీ ఆమె నేసినవే." ఉచ్చీరప్ప పంచె మడతలోంచి కుడిచెయ్యి తీసి అందరి ముందు పెట్టాడు. అది ఆగకుండా వణుకుతోంది. "ఇదన్నా నా చెయ్యి."

వెంట వచ్చినవాళ్ళలో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. రెండోవాడు నేల చూపులు చూశాడు. "సర్లేప్పా," అన్నాడు షావుకారు. పక్క బొమ్మ దగ్గరికి నడిచాడు. మిగతా ఇద్దరూ ఆయన వెంట పోయారు. కొంచెం దూరం పోయాక ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోవడం కనబడింది. సాయంత్రం బస్సు కంటే ముందే ఈ కబురు లక్ష్మక్క అరుగు చేరుతుందని ఉచ్చీరప్పకు తెలుసు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా పెళ్ళాం వైపు తిరిగాడు, ఎంతో కొంత ఆశతో. యశోద సంతోషిస్తుందనుకున్నాడు. ఇన్నాళ్ళ బరువు దిగిందని అంటుందనుకున్నాడు.

యశోద కళ్ళ నిండా నీళ్ళు. ముఖం మాత్రం మండిపోతోంది.

"ఈ మాట సెప్పేకి ఆదోని దాకా రావల్లనా?" అంది. "ఇంట్లో సెప్పేకి రాకపాయనా నీకు?"

"భయమయ్యిందే..."

"నీకు గేరంటే భయం. షావుకారంటే భయం. మీ అక్క నోరంటే భయం. నేను దినామూ పొద్దున ఈ గాజులు తీసేటప్పుడు, ఈ పొద్దు నీకేమన్నా అయితాదేమో అని సస్తాంటి. మళ్ళా ఏసుకునే దాకా నా పానం నా కాడ ఉండేది కాదు. ఇన్నేండ్లలో నీకూ భయమయితాందా యశోదా అని ఒక్కనాడన్నా అడిగినావా?"

గౌరి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. యశోద ఆ చెయ్యి తీసేసి, మొగుడి ముఖంలోకి అట్లాగే చూస్తూ నిలబడింది. జవాబు వినకుండా ఆమె కదిలేటట్టు లేదు.

"లేదు," అన్నాడు ఉచ్చీరప్ప. "అడగల్యా."